తెలిసీ దించిన పన్నెండు రోజులు

ఇది రాస్తానంటే నా భార్య సుగుణ మొదట ఒప్పుకోలేదు. "తగ్గింది గదా, మల్ల ఎందుకు గెలుకుడు?" అంది. తగ్గింది కాబట్టే రాయగలుగుతున్నాను. అక్షరాలన్నీ చదవగలిగితే కళ్ళు బాగున్నట్టే అనుకుని డ్యూటీకి పోయేవాళ్ళు నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. కొంత వాళ్ళ కోసం, కొంత నా మనసు కుదుటపడడం కోసం రాస్తున్నాను.

నా పేరు దానియేలు. గోదావరిఖనిలో పుట్టాను, ఇక్కడే గనిలో చేరాను. పదకొండేళ్ళు వైండింగ్ ఇంజన్ నడిపాను. గని పైన ఒక గదిలో కూర్చుని, ఇనుప తాడుకు వేలాడే కేజ్‌లో మనుషులను భూమిలోకి దించడం, షిఫ్టు అయ్యాక పైకి తేవడం నా పని. నేను కూర్చున్న చోటి నుంచి వాళ్ళు నాకు కనబడరు. నా ముందు గోడగడియారమంత డయల్ ఉంటుంది, దాని మీద ఒక ముల్లు. తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము అంచు మీద తెల్లరంగు గీత ఉంటుంది. కేజ్ ఎంత లోతులో ఉందో నాకు చెప్పేవి ఆ రెండే. ఆ రెంటినీ చూస్తూ చేతి కిందున్న లివర్‌తో బ్రేకు వేయాలి. సుగుణ తమ్ముడు ప్రకాశ్ కూడా అదే గనిలో చేస్తాడు. మా ఇద్దరికీ ఒకే షిఫ్టు పడ్డప్పుడల్లా అతన్ని దించేది నేనే.

మూడేళ్ళ కింద జర్దా మానేశాను. నోటికి అలవాటు తప్పింది కానీ చేతులకు ఏమీ తోచేది కాదు. మా చర్చిలో రాహేలక్క అని రిటైరైన నర్సు ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళకు ఊలు అల్లడం నేర్పుతుంది. "చేతులకు పని గావాల్నా తమ్మీ? రా, కూసో. సూదులకు ఆడ, మగ తెల్వదు" అని నన్నూ పిలిచింది. సీదా, ఉల్టా కుట్లు రెండూ నెలలో వచ్చేశాయి. టోపీలు అల్లాను, మఫ్లర్లు అల్లాను. మొదట్లో నవ్విన గని వాళ్ళే చలికాలం మొదటి షిఫ్టుకు టోపీ కావాలని అడిగారు. నేను అల్లిన మొదటి టోపీ ప్రకాశ్ పెట్టుకున్నాడు.

నవంబరు

కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్న మా బిడ్డ గ్రేస్ ఫోన్లో ఒక స్వెటర్ ఫొటో చూపించింది. నీలం మీద తెల్ల నక్షత్రాలు. "బాపూ, గిది అల్లుతవా?" అంది. రాహేలక్కను అడిగితే నవ్వి, "ఇది రెండు రంగుల పని తమ్మీ, జర కష్టమే" అని గళ్ళ కాగితం మీద నక్షత్రం గీసి ఇచ్చింది.

కష్టమే. కుడిచేతి వేలికి నీలం దారం, ఎడమచేతి వేలికి తెల్ల దారం. కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో కుట్టు. మూడు నీలం, ఒకటి తెలుపు, మళ్ళీ రెండు నీలం, ఇలా వరుసంతా చదువుకుంటూ పోవాలి. వాడని దారాన్ని వెనకనుంచి వదులుగా తీసుకుపోవాలి. కొంచెం బిగించి లాగినా బట్ట ముడతలు పడుతుంది. మొదటి వారం నా ఎడమచెయ్యి మాట వినలేదు. రెండో వారానికి విన్నది. దారం వదులు కుదిరింది. ముడతలు పోయాయి. కానీ నక్షత్రం మాత్రం కుదరలేదు.

ప్రతిసారీ ఒక గడి తగ్గేది, లేకపోతే ఒక గడి ఎక్కువయ్యేది. విప్పి మళ్ళీ అల్లాను. నాలుగుసార్లు విప్పాను. కాగితం వైపు చూస్తే గళ్ళు కదిలి ఒకదానిలోకి ఒకటి పోయినట్టుండేవి. వేలు పెట్టి లెక్కపెడితే పదకొండు, వేలు తీసి లెక్కపెడితే పది. సూది మొన కుట్టులోకి పోయిందనుకుంటే పక్కనుంచి జారేది. వయసు వచ్చింది, అద్దాలు మార్చాలి అనుకున్నాను.

అవే రోజుల్లో ఇంకొన్ని జరిగాయి. అప్పుడు వేటికవే అనిపించాయి. గ్లాసులో పోస్తున్నానని చాయ్ టేబుల్ మీద పోశాను. స్కూటర్ హ్యాండిల్ మా గేటు దిమ్మెకు రాసుకుంది. మార్కెట్ మలుపులో ఒక సైకిల్ నా పక్కన ఎక్కడినుంచో ఊడిపడినట్టు వచ్చింది. ఆయన తిట్టి పోయాడు. సాయంత్రమయ్యేసరికి కనుబొమల వెనక ఎవరో లోపలినుంచి వేలితో నొక్కుతున్నట్టుండేది.

అద్దాల షాపుకు పోయాను. కింది వరుసలో ఉన్న చిన్న అక్షరాలు కూడా గడగడా చదివాను. "మీ చూపు మంచిగున్నది సార్" అన్నాడు షాపతను. ఆ మాట పట్టుకుని రెండు వారాలు తిరిగాను.

డిసెంబరు

డిసెంబరు మొదటి ఆదివారం రాహేలక్క ఇంటికి స్వెటర్ పట్టుకుని పోయాను. ఆమె ముక్కను బల్ల మీద పరిచి, అద్దాలు పైకి తోసి చాలాసేపు చూసింది.

"దారం మంచిగ వోతున్నది. చెయ్యి నేర్చుకున్నది. మరి తప్పెక్కడ?" అని, గళ్ళ కాగితం తన దగ్గరకు లాక్కుంది. "నువ్వు కాయితం జూడకు. నేను జెప్త, నువ్వల్లు."

ఆమె చదివింది, నేను అల్లాను. మూడు నీలం, ఒకటి తెలుపు. నాలుగు వరుసలు. ఒక్క తప్పు లేదు. నాకు సంతోషం పట్టలేదు. "వచ్చింది అక్కా!" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఇప్పుడు నువ్వే సదువుకుంట అల్లు" అంది. రెండో వరుసలోనే గడి తప్పింది.

ఆమె లేచి కుర్చీ జరుపుకుని నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా కూర్చుంది. ఎర్ర ఊలు చిన్న ఉండ చేసి సూది మొనకు గుచ్చింది. "కుడికన్ను చేత్తోని మూసుకో. నా ముక్కు మీంచి చూపు తియ్యకు. ఎర్రది కనవడంగనే చెప్పు."

నేను ఆమె ముక్కునే చూస్తున్నాను. ఆమె చెయ్యి కదులుతోందని భుజం కదలికను బట్టి తెలుస్తోంది. కానీ ఎర్రది రావడం లేదు. ఎప్పుడు మొదలుపెడుతుందా అని చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె ముక్కు పక్కనే ఎర్ర ఉండ ప్రత్యక్షమైంది.

"ఇప్పుడు" అన్నాను.

రెండో కన్నూ చూసింది. రెండో వైపు నుంచీ అంతే. ముక్కు దాకా వస్తే తప్ప కనబడలేదు.

రాహేలక్క సూదిని ఒళ్ళో పెట్టుకుంది. నర్సుగా ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, ముఖం ఎలా పెట్టుకోవాలో ఆమెకు తెలుసు. అయినా నా చేతిని గట్టిగా పట్టుకుంది. "ఒక్కో కన్నుకు ఒక్కో పక్క సగం వోయింది తమ్మీ. రెండు కండ్లు తెరుస్తే ఒకటి ఇంకోదాన్ని కప్పుతున్నది, అందుకే నీకు తెలుస్తలేదు. కంటి జబ్బు గాదిది, తలకాయ లోపల్ది. రేపే డ్యూటీల చెప్పు. లివర్ ముట్టకు. మాటియ్యి."

మాటిచ్చాను.

సోమవారం పొద్దున గని గేటు దాకా చెబుదామనే పోయాను. చెప్పలేదు. చెబితే అన్‌ఫిట్ అంటారు. పదకొండేళ్ళు నన్ను నమ్మి కేజ్ ఎక్కిన మనుషుల ముందు నేను ఒక పనికిరాని మనిషినవుతాను. క్రిస్మస్ పోనీ అనుకున్నాను. చివరి వరుస అక్షరాలు చదివాను కదా అనుకున్నాను. వారం తర్వాత రాహేలక్క ఫోన్ చేస్తే, "చెప్పిన అక్కా, లీవు పెట్టిన" అన్నాను. ఆ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఇంజన్ గదిలోని చప్పుడు ఆమెకు వినిపించిందేమోనని చాలా రోజులు అనుమానపడ్డాను.

పన్నెండు రోజులు దించాను. తెలిసి దించాను. డయల్ మీద ముల్లూ, డ్రమ్ము మీద గీతా చూపుకు ఒకచోట కుదిరేవి కావు. తల పక్కకు వంచితే కుదిరేవి, కాసేపటికి మళ్ళీ జారేవి. చూపు మీద నమ్మకం లేక చప్పుడును బట్టి డ్రమ్ము చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పొద్దున చర్చి ముందు ఆగి ప్రార్థన చేసేవాణ్ణి. నా కళ్ళు బాగుచెయ్యి అని కాదు. ఈ ఒక్క షిఫ్టు గడిపించు అని. ప్రతి షిఫ్టుకూ అదే మాట.

పన్నెండో రోజు మొదటి షిఫ్టు. మూడో విడత మనుషులు ఎక్కారు. ప్రకాశ్ అందులో ఉన్నాడని నాకు తెలుసు, గది ముందునుంచి పోతూ "పోతున్న బావా" అని కేకేశాడు. కేజ్ అడుగుకు చేరబోతుంటే డ్రమ్ము మీద తెల్లగీత రెండయింది. ఏది నిజమైనదో తేల్చుకునే లోపల రెండూ మాయమయ్యాయి. బ్రేకు నొక్కాను. తాడు ఒక్కసారి వదులై, మళ్ళీ బిగుసుకుంది. ఆ అదురు నా కుర్చీ దాకా వచ్చింది.

కేజ్ దిగిందని కింది నుంచి కొట్టే గంట రాలేదు. ఎంతసేపు రాలేదో తెలియదు. నేను బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా అలాగే ఉండిపోయాను. ఆ తర్వాత ఫోన్ మోగింది. కేజ్ అడుగున గట్టిగా కూర్చుందట. ఒకాయన నాలుక కరుచుకున్నాడు. ప్రకాశ్ మోకాలు ఇనుప చట్రానికి కొట్టుకుంది. అంతకంటే ఏమీ కాలేదు.

"ఏమైంది?" అని అడిగారు.

"బ్రేకు జారింది" అన్నాను.

ఫిట్టర్లు వచ్చారు. పని ఆపి బ్రేకు విప్పారు. నేను బయట బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. ఒక పెద్ద ఫిట్టరు మసిచేతులతో బయటికి వచ్చి, "ఎంత జూసినా తప్పు దొర్కుతలేదు దానియేలన్నా, నా చేతిలనే ఏదో లోపమున్నదేమో" అన్నాడు. షిఫ్టు అయ్యాక గని రెండో దారిన పైకెక్కిన ప్రకాశ్ కుంటుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నాకేం గాలే బావా. బ్రేకు మంచిగ జూస్తున్నరా?" అన్నాడు.

"చూస్తున్నరు" అన్నాను.

అతను పోయాక ఇంజనీరు గదిలోకి పోయి, "బ్రేకు తప్పు కాదు సార్. నా కండ్లు సరిగ్గ కనవడుతలేవు" అని చెప్పాను. సగమే చెప్పాను. ఎప్పటినుంచి కనబడడం లేదో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన, "రేపటి నుంచి లివర్ ముట్టకు. దవాఖానకు పో" అన్నారు.

జనవరి

పరీక్ష గదిలో గడ్డం ఒక చట్రం మీద ఆనించి, ఒక కన్ను మూసి, చేతికి బటన్ ఇచ్చారు. ఎక్కడైనా చిన్న వెలుగు కనిపిస్తే నొక్కాలి. మధ్యలో చుక్కనే చూడాలి. కాసేపు నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. మిషన్ మాత్రం చిన్నగా టిక్కు టిక్కుమంటోంది.

"లైట్ కనవడితే నొక్కున్రి" అంది పరీక్ష చేసే అమ్మాయి.

"వస్తలేదు గదమ్మా" అన్నాను.

టిక్కుటిక్కు ఆగలేదు. ఒక్కో చప్పుడుకూ ఒక వెలుగు వచ్చి పోతోందని, నాకే కనబడడం లేదని అప్పుడు అర్థమైంది. బయటికి వచ్చాక ఇచ్చిన కాగితంలో ఒక్కో కన్నుకు ఒక్కో గుండ్రం, దానిలో సగం నల్లగా. సుగుణ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఈ నల్లగున్నదంతా ఏంది?" అంది. నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

స్కానింగ్‌లో గడ్డ కనిపించింది. మెదడు కింద, రెండు కళ్ళ నరాలూ కలిసే చోట. "చెడ్డ రకం కాదనిపిస్తోంది. తీసి పరీక్ష చేస్తే గానీ చెప్పలేం. చూపు ఎంత తిరిగొస్తుందో కూడా చెప్పలేం" అన్నారు హైదరాబాద్ డాక్టరు. ఆయన చెప్పిన వాటిలో 'చెప్పలేం' అన్నదే నాకు గుర్తుండిపోయింది.

ఊళ్ళో ఇంకో మాట లేచింది. దానియేలు నాటకం ఆడుతున్నాడు, అన్‌ఫిట్ అయితే గనిలో తన బదులు బిడ్డకు నౌకరి ఇస్తారని. కూరగాయల దగ్గర విని వచ్చి సుగుణ సంచి కూడా దించకుండా ఏడ్చింది. పక్క క్వార్టర్ ఆమె మాత్రం మంచి మనసుతోనే వచ్చి, "ఏదైనా మన మంచికే అనుకోవాలె, గ్రేస్‌కు దారి దొర్కుతది" అంది. సెలవులకు వచ్చి ఉన్న గ్రేస్ లోపలినుంచి వచ్చి నిలబడింది. "అత్తా, బాపు కండ్లు వోతే నాకు నౌకరొస్తదని సంతోషపడాల్నా?" అని అడిగింది. ఆమె చాయ్ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి

ఆపరేషన్ తేదీ కోసం హైదరాబాద్ ఆసుపత్రి వరండాలో చాలా రోజులు కూర్చున్నాం. సెలవు పెట్టి ప్రకాశ్ మాతో వచ్చాడు. మందులకు పోవడం, కాగితాల మీద ముద్రలు వేయించడం అంతా అతనే. మోకాలు ఇంకా పూర్తిగా వంగేది కాదు. మెట్లు దిగుతుంటే పక్కకు ఒరిగేవాడు. అది చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి. తల తిప్పుకున్న వైపు ఎలాగూ ఏమీ కనబడేది కాదు.

వరండాలో మా పక్క కుర్చీలో గోలేటి నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. కొడుకును చూపించడానికి వచ్చింది. నేను రెండుసార్లు నీళ్ళ బకెట్‌కు తన్నుకోవడం చూసింది. ఆ తర్వాత నేను లేచినప్పుడల్లా, మాట కూడా లేకుండా తనూ లేచి నా ఎడమ మోచెయ్యి పట్టుకునేది. బాత్‌రూమ్ తలుపు దాకా నడిపించి, గోడ వైపు తిరిగి నిలబడేది. ఆమె పేరు అడగలేదు. ఒకరోజు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కొడుకును తీసుకుని ఇంటికి పోయిందా, లేక ఇంకేమైనా జరిగిందా అని అడగడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు.

ముక్కులోంచి గడ్డ తీశారు. మెలకువ వచ్చాక ముక్కు నిండా దూది, నోటితోనే ఊపిరి, ఎంత తాగినా తీరని దాహం. కళ్ళు తెరవడానికి భయమేసింది. తెరిచి పైకప్పునే చూస్తూ పడుకున్నాను. తల కదపలేదు. కాసేపటికి నా ఎడమ పక్కన ఏదో రంగు ఉందని తెలిసింది. ఆకుపచ్చ. సుగుణ చీర. ఆమె ఎంతసేపటినుంచి అక్కడ కూర్చుందో! అప్పటిదాకా ఎంత పోగొట్టుకున్నానో నాకు తెలియలేదు. తెలిసేసరికి ఏడుపు ఆగలేదు. "ఏడువకు, ముక్కుకు మంచిది గాదట" అంటూ ఆమె కూడా ఏడ్చింది.

క్యాన్సర్ కాదని పది రోజులకు తెలిసింది. కానీ రక్తనాళాన్ని అంటుకుని ఉన్న చిన్న ముక్కను తియ్యలేదన్నారు. ఆరు నెలలకోసారి స్కానింగ్. పెరిగితే మళ్ళీ చూద్దాం అన్నారు. ఆ ముక్క ఇప్పుడు నాతోనే ఉంది. తల నొప్పి వచ్చిన ప్రతిసారీ అదేనేమో అనుకుంటాను.

ఏప్రిల్ నుంచి

చూపు చాలావరకు వచ్చింది, అంతా రాలేదు. ఏప్రిల్ ఎండల్లో గదిలో కూలర్ ముందు కూర్చుని మళ్ళీ సూదులు పట్టాను. చెయ్యి మరిచిపోలేదు. కాగితం మీద గళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. వరుసకు గంట పట్టినా సరే, నేనే చదువుకుంటూ అల్లాను. నక్షత్రం కుదిరింది. రాహేలక్కకు చూపించిన రోజే, అప్పుడు లీవు పెట్టానన్నది అబద్ధమని చెప్పాను. "నాకు తెలుసు" అంది. "ఫోన్ల మిషన్ చప్పుడు ఇన్న. నేనే వచ్చి గేటుకాడ చెప్పాల్సుండె. చెప్పలే. ఆ తప్పు నాకూ ఉన్నది తమ్మీ."

మే నెలలో నన్ను పైన లాంప్ రూంలో వేశారు. దిగేవాళ్ళకు తలదీపాలు ఇచ్చి, తిరిగి తీసుకోవడం. మళ్ళీ వైండింగ్ ఇంజన్ ముట్టే పని లేదు. దానికి బాధ లేదు. బాధ వేరే ఉంది.

జూన్‌లో ఒక ఆదివారం ప్రకాశ్ క్వార్టర్‌కు పోయాను. అతను వాకిట్లో బైకు కడుగుతున్నాడు.

"డిసెంబర్ల బ్రేకు జారలే" అన్నాను.

"ఎరుకే గదా బావా. నీ కండ్లు."

"కండ్ల సంగతి నాకు పన్నెండు రోజుల ముందే తెలుసు. రాహేలక్క చెప్పింది. చెప్పినంక గూడ దించిన."

అతను నీళ్ళ పైపును కింద పెట్టాడు. నీళ్ళు వాకిలంతా పారుతున్నాయి.

"నేనున్న కేజ్ గూడనా?"

"నువ్వున్నది గూడ. ఐదుసార్లు."

"దవాఖానల అన్ని రోజులు నీ కాళ్ళకాడ కూసున్న" అన్నాడు. "అప్పుడన్న చెప్పకపోతివి." నల్లా కట్టేసి లోపలికి పోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు, మెల్లగానే వేశాడు.

మర్నాడు ఇంజనీరుకు కూడా మిగతా సగం చెప్పాను. రాసి ఇమ్మన్నారు, ఇచ్చాను. ఏం చేస్తారో ఇంకా తెలియదు. సుగుణకూ చెప్పాను. ఆమె మూడు రోజులు నాకు అన్నం పెట్టి, తను వేరే గదిలో తిన్నది.

లాంప్ రూం కిటికీ దగ్గర అందరూ దీపం అందుకుని నడుస్తూనే పెట్టుకుంటారు. ప్రకాశ్ మాత్రం నా చేతినుంచి తీసుకుని, అక్కడే ఆగి, వెలిగించి అరచేతి మీద వేసి చూసుకుంటాడు. ఆర్పి, మళ్ళీ వెలిగిస్తాడు. తీగను ఈ కొసనుంచి ఆ కొసదాకా తడుముతాడు. నా ముఖం చూడడు. వెనక వరుస గొణుగుతుంది. అతను అలా చూసుకోవడమే సరైన పని.

నిన్న వానకు వరుస ముందుకు తోసుకొచ్చింది. ప్రకాశ్ దీపం తీసుకుని చూడకుండానే తిరిగాడు.

"ప్రకాశ్, చూసుకోని పో" అన్నాను.

వెనక్కి వచ్చాడు. వెలిగించాడు, ఆర్పాడు, మళ్ళీ వెలిగించాడు. తీగ తడిమాడు. ఆ తర్వాత తల ఎత్తి రెండు నెలల్లో మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఎల్లుండే గదా స్కానింగ్. నేనొస్త. అక్క ఒక్కతే ఎన్ని మెట్లు ఎక్కుతది" అని, నా జవాబు కోసం ఆగకుండా వానలోకి పోయాడు.

రేపు పొద్దున బస్సుకు హైదరాబాద్ పోతున్నాం. ముగ్గురం.